మనకందరికీ కలిగిన రక్షణ

ప్రియ సోదరీ సోదరులారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

కొత్త నిబంధనలో ప్రకటన గ్రంథానికి ముందు ఒక చిన్న ఉత్తరం ఉంది. యూదా రాసిన పత్రిక. ఒకే అధ్యాయం, 25 వచనాలు. దాని మూడో వచనంలో యూదా తన మనసులోని మాట బయటపెడతాడు. "మనకందరికి కలిగెడు రక్షణ" గురించి మీకు రాయాలని ఎంతో ఆసక్తితో ప్రయత్నిస్తున్నాననీ, ఇంతలో విశ్వాసం కోసం పోరాడమని వేడుకుంటూ రాయవలసి వచ్చిందనీ అంటాడు. దుర్బోధకులు సంఘంలోకి చొరబడ్డారు. మందను కాపాడవలసిన అవసరం ముందుకొచ్చింది. అందుకే ఆయన రాయాలనుకున్నది పక్కన పెట్టి, రాయక తప్పనిది రాశాడు.

సంఘ చరిత్ర అంతా ఇలాగే నడిచిందని నాకు అనిపిస్తుంది. పోరాడవలసిన అవసరం ప్రతి తరానికీ వచ్చింది. ఆ పోరాటాల్లో చాలా వాటికి నేను రుణపడి ఉన్నాను. కానీ పోరాడి పోరాడి, దేని కోసం పోరాడామో దాని గురించి తీరిగ్గా మాట్లాడుకునే అలవాటు తప్పింది. ఒక కథోలిక విశ్వాసిని, ఒక ఆర్థోడాక్స్ విశ్వాసిని, ఒక బాప్టిస్టును, ఒక పెంతెకొస్తు విశ్వాసిని ఒకచోట కూర్చోబెడితే తమ మధ్య ఉన్న భేదాలను గడగడా చెప్పగలరు. నలుగురికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చెప్పమంటే మాత్రం తడుముకుంటారు. ఈ సాయంత్రం ఆ రెండో ప్రశ్ననే తీసుకుందాం. క్రీస్తును నమ్మినవారందరూ రక్షణ గురించి కలిసి ఒప్పుకునేది ఏమిటి?

ముందు, దేని నుండి రక్షణ అన్నది చూడాలి. ఇక్కడ పౌలు మాట సూటిగా ఉంటుంది. రోమా పత్రిక మూడో అధ్యాయంలో "ఏ భేదమును లేదు, అందరును పాపముచేసి దేవుడు అనుగ్రహించు మహిమను పొందలేక పోవుచున్నారు" అంటాడు. రక్షణ అందరిదీ కావడానికి ముందు అవసరం అందరిదీ అయింది. ధర్మశాస్త్రం చేతిలో ఉన్న యూదుడికీ అదే అవసరం, అది ఎరగని అన్యుడికీ అదే అవసరం. పాపం అంటే చేసిన తప్పుల పట్టీ మాత్రమే అనుకుంటే పౌలు చెప్పినదానిలో సగం జారిపోతుంది. అది మనం చేసేదీ, మనల్ని ఏలేదీ కూడా. "నేను చేయగోరేది చేయక, ద్వేషించేదే చేస్తున్నాను" అన్న భావం ఏడో అధ్యాయంలో ఆయన నోట వస్తుంది. పాపం వెనకే మరణం వచ్చింది. దేవునితో తెగిన సంబంధం, మనుషుల మధ్య తెగిన సంబంధం, చివరికి మట్టిలో కలిసిపోయే శరీరం, ఇవన్నీ ఒకే దుర్గతికి ముఖాలు. ఆదాము పాపం మనకు ఎలా సంక్రమించింది, దోషంగానా లేక మరణంగానా అన్నచోట తూర్పు సంఘాలు ఒకలా, పడమటి సంఘాలు మరోలా వివరిస్తాయి. వివరణ ఎలా ఉన్నా రోగి తనను తాను బాగుచేసుకోలేడన్నది ఇద్దరూ ఒప్పుకునేదే.

ఈ మాట అంత సులభంగా స్థిరపడలేదు. అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయం తీయండి. క్రీస్తు శకం 49 ప్రాంతంలో యెరూషలేములో ఒక సమావేశం జరిగింది. సున్నతి పొందకపోతే రక్షణ లేదని కొందరు గట్టిగా పట్టుబట్టారు. వారిని తేలిగ్గా తీసిపారేయకండి. సున్నతి వారు కల్పించుకున్నది కాదు, అబ్రాహాముకు దేవుడే ఇచ్చిన గుర్తు. లేఖనం తమ పక్షాన ఉందని వారు నమ్మారు. ఎంతో వాదోపవాదం జరిగాక పేతురు లేచాడు. ఆయన చెప్పిన మాటల్లో నన్ను ప్రతిసారీ ఆపేది ఒకటుంది. మన పితరులు గానీ మనం గానీ మోయలేకపోయిన కాడిని ఈ శిష్యుల మెడ మీద ఎందుకు పెడతారని అడిగాడు. ఆ సభలో కూర్చున్నవారు తరతరాలుగా ధర్మశాస్త్రాన్ని ప్రేమించినవారు. వారి ఎదుట, వారిలో ఒకడిగా, మనం దాన్ని మోయలేకపోయాం అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే, ప్రభువైన యేసు కృప చేత మనకు రక్షణ ఎలా కలుగుతుందో వారికీ అలాగే కలుగుతుందని చెప్పాడు. యూదుడికి ఒక దారి, అన్యుడికి ఇంకో దారి లేదు. ముందు వచ్చినవాడికి దగ్గరి దారీ లేదు. సంఘం తన మొదటి పెద్ద వివాదాన్ని తీర్చుకున్నది ఈ ఒక్క ఒప్పుకోలు మీదనే. నా దృష్టిలో ఆ తర్వాతి రెండు వేల ఏళ్ల చర్చ అంతా పేతురు ఆ రోజు అన్నదానికి కట్టుబడి ఉండడానికి చేసిన ప్రయత్నమే.

అయితే ఆ కృప ఎక్కడ దొరికింది? కొరింథులోని సంఘానికి 55 ప్రాంతంలో రాసిన మొదటి పత్రికలో పౌలు, తాను పొందినదాన్నే వారికి అప్పగించానంటాడు. లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, లేఖనాల ప్రకారం మూడో రోజున లేపబడ్డాడు. ఇది పౌలు కల్పించినది కాదు. ఆయనకంటే ముందే విశ్వాసులు ఒకరి నుండి ఒకరు అందుకున్నది. గమనించండి, ఇది ఒక సంఘటన గురించిన వార్త. ఎలా బతకాలో చెప్పే ఉపదేశం తర్వాత వస్తుంది. ముందు జరిగినది ఏమిటో చెప్పారు. మన రక్షణ మన లోపల మొదలు కాలేదు. యెరూషలేము నగరం వెలుపల, పొంతి పిలాతు అధికారంలో ఉన్న కాలంలో, మనం పుట్టకముందే జరిగినదానిలో మొదలైంది.

దీన్నే 325లో నీకయలో సమావేశమైన బిషప్పులు విశ్వాస ప్రమాణంలో పొందుపరిచారు, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్ని విస్తరించింది. మానవులమైన మన కోసం, మన రక్షణ కోసం దేవుని కుమారుడు దిగివచ్చాడని, శరీరధారి అయ్యాడని, శ్రమపడ్డాడని, తిరిగి లేచాడని ఆ ప్రమాణం చెబుతుంది. కథోలికులు, ఆర్థోడాక్సులు, కోప్టులు, సిరియా సంప్రదాయం వారు, ఆంగ్లికన్లు, లూథరన్లు దాన్ని ఆరాధనలో పలుకుతారు. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాల్లో చాలావరకు పలకరు. లేఖనం చాలునన్నది వారి పట్టుదల. కానీ వారి బోధకుడు ఆదివారం లేచి ప్రకటించేది ఇదే. ప్రమాణాన్ని పలకని సంఘం కూడా ఆ ప్రమాణంలోని క్రీస్తునే ప్రకటిస్తోంది.

నీకయ సభ అంత పట్టుదలగా ఎందుకు పోరాడిందో కూడా ఇక్కడ అర్థమవుతుంది. క్రీస్తు సృష్టి పొందినవాడని అరియుస్ అనే బోధకుడు అన్నాడు. అలెగ్జాండ్రియాకు చెందిన అతనాసియుస్ దానికి ఒప్పుకోలేదు. ఎందుకంటే సృష్టి పొందినవాడు, ఎంత గొప్పవాడైనా, సృష్టిని దేవునితో కలపలేడు. రక్షించగలవాడు దేవుడే అయి ఉండాలి. కొన్ని దశాబ్దాల తర్వాత నజియాంజుకు చెందిన గ్రెగొరీ అవతలి వైపు నుండి మాట్లాడాడు. క్రీస్తు మన స్వభావంలో దేన్ని స్వీకరించలేదో అది స్వస్థత పొందలేదన్నాడు. మనసు లేని శరీరాన్ని మాత్రమే ఆయన ధరించి ఉంటే మన మనసు రక్షణ లేకుండా మిగిలిపోయేది. పరిపూర్ణ దేవుడు, పరిపూర్ణ మానవుడు అన్న మాట పండితుల తర్కంలో పుట్టిందనుకునేవారు దీన్ని ఆలోచించాలి. ఆ మాట పుట్టింది రక్షణ గురించిన ఆరాటంలో నుంచి.

ఇప్పుడు నేను ఎక్కువసేపు నిలవాలనుకునే చోటికి వచ్చాం. క్రీస్తు మరణం మనల్ని రక్షిస్తుందని ప్రమాణం చెబుతుంది. ఎలా రక్షిస్తుందో చెప్పదు. ఆ తర్వాత జరిగిన ఏ సార్వత్రిక మహాసభా దాన్ని నిర్వచించలేదు. క్రీస్తు ఎవరు అన్నదానికి నాలుగో శతాబ్దం నుండి ఏడో శతాబ్దం వరకు ఒక్కొక్క మాటనూ తూచి నిర్ణయించిన సంఘం, సిలువ ఎలా పనిచేస్తుందన్నచోట లేఖనంలోని అనేక చిత్రాలను అనేకంగానే ఉంచింది.

ఆ చిత్రాలను ఒకసారి తలచుకోండి. బలిపీఠం దగ్గర నిలబడి హెబ్రీ పత్రిక మాట్లాడుతుంది. ఒక్కసారే అర్పించిన బలి, మళ్లీ అర్పించనక్కరలేని బలి. న్యాయస్థానంలో నిలబడి రోమా పత్రిక మాట్లాడుతుంది. దోషి నీతిమంతుడిగా తీర్చబడ్డాడు. మార్కు సువార్తలో యేసు తానే, అనేకుల కోసం విమోచన క్రయధనంగా తన ప్రాణం ఇవ్వడానికి వచ్చానంటాడు. అది బానిసను విడిపించే వెల. కొలొస్సయి పత్రికలో క్రీస్తు సిలువ మీద అధికారాలను నిరాయుధం చేసి, వాటిపై జయోత్సవం జరుపుతాడు. అది యుద్ధభూమి. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో శత్రువులు సమాధానపడతారు. గలతీ పత్రికలో బానిసలు దత్తపుత్రులై, దేవుణ్ణి "అబ్బా, తండ్రీ" అని పిలుస్తారు. యెషయా 53లో మన అతిక్రమాల కోసం గాయపడిన సేవకుడున్నాడు.

ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క చిత్రం ముందుకొచ్చింది. మొదటి శతాబ్దాల బోధకులకు మరణాన్ని జయించిన క్రీస్తు ప్రధానం. 1098లో ముగించిన గ్రంథంలో కాంటర్బరీ ఆర్చిబిషప్పు అన్సెల్ము, మనిషి దేవునికి చెల్లించవలసినదీ చెల్లించలేనిదీ అయిన ఘనతను దేవుడే మనిషై చెల్లించాడని వాదించాడు. పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్సు వేదాంతి అబెలార్డు, సిలువ మీద వెల్లడైన ప్రేమ మనలో ప్రేమను రగిలిస్తుందన్నాడు. పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంట్లు రోము సంఘం నుండి విడిపోయిన సంస్కరణ కాలంలో లూథరు, కాల్విను మన శిక్షను క్రీస్తు తన మీద వేసుకున్నాడన్నదాన్ని గట్టిగా పట్టుకున్నారు. నేను ప్రొటెస్టెంట్ బోధలో పెరిగినవాడిని. నా స్థానంలో ఆయన నిలబడ్డాడన్న మాట లేకుండా నేను ప్రార్థన చేయలేను. దాన్ని తగ్గించి చెప్పే బోధ నాకు నచ్చదు. అయినా, ఆ ఒక్క మాటతో లేఖనం చెప్పినదంతా అయిపోయిందని అనుకోను. అపరాధ భావంతో నలిగిపోతున్న మనిషికి న్యాయస్థానం నుండి వచ్చే మాట కావాలి. సమాధి దగ్గర నిలబడిన తల్లికి మరణం ఓడిపోయిందన్న మాట కావాలి. తనను ఎవరూ అక్కరలేదన్నారని బాధపడేవాడికి దత్తత మాట కావాలి. ముగ్గురినీ రక్షించేది ఒకే క్రీస్తు, ఒకే సిలువ. సంఘం ఈ విషయంలో ఒకే సూత్రాన్ని శాసనంగా చేయకపోవడం నిర్లక్ష్యం కాదనీ, భక్తితో కూడిన వివేకమనీ నా నమ్మకం.

మరి మన వంతు ఏమిటి? గొడవలన్నీ ఇక్కడే. ఐదో శతాబ్దం మొదట్లో పెలాగియుస్ అనే బోధకుడు, మనిషి కోరుకుంటే పాపం లేకుండా జీవించగలడనీ, దేవుడు ఆజ్ఞాపించాడంటేనే మనకు శక్తి ఉందని అర్థమనీ చెప్పాడు. అలసత్వంలో పడిన క్రైస్తవులను మేల్కొల్పాలన్నది ఆయన తపన. కానీ ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను ఆ మాటలోని ప్రమాదాన్ని పసిగట్టాడు. అదే నిజమైతే క్రీస్తు మనకు మంచి ఉదాహరణగా మిగులుతాడు గానీ రక్షకుడిగా మిగలడు. 418లో కార్తేజి సభ ఆ బోధను ఖండించింది. 431లో ఎఫెసు మహాసభ పెలాగియుస్ సహచరుడైన కెలెస్తియుస్ పక్షాన్ని తిరస్కరించింది. 529లో ఆరెంజ్ సభ, విశ్వాసపు తొలి అడుగు కూడా కృప వల్లనేనని స్పష్టం చేసింది.

ప్రొటెస్టెంట్ సోదరులు ఇప్పుడు చెప్పేదాన్ని జాగ్రత్తగా వినాలి. సంస్కరణకు జవాబుగా జరిగిన ట్రెంట్ సభ 1547 జనవరిలో నీతిమత్వం గురించి, అంటే మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా తీర్చబడటం గురించి, తన నిర్ణయాలు ప్రకటించింది. వాటిలో మొట్టమొదటిది, యేసుక్రీస్తు ద్వారా కలిగే దైవకృప లేకుండా మనిషి తన క్రియల వల్ల దేవుని ఎదుట నీతిమంతుడు కాగలడని చెప్పేవారిని శపిస్తుంది. కథోలికులు క్రియల వల్ల రక్షణ కలుగుతుందని నమ్ముతారని మనలో చాలామంది అలవాటుగా అంటారు. వారి సభ రాసుకున్న మొదటి వాక్యమే దాన్ని కాదంటోంది. అలాగే కథోలిక సోదరులు కూడా ఒకటి వినాలి. విశ్వాసం ఉంటే చాలు, ఎలా బతికినా ఫరవాలేదని లూథరు బోధించలేదు. విశ్వాసం సజీవమైనదనీ, చురుకైనదనీ, మంచి చేయకుండా ఉండలేనిదనీ ఆయన రోమా పత్రికకు రాసిన ముందుమాటలో చెప్పాడు.

ఇలా ఒకరి మాట ఒకరు నాలుగు వందల ఏళ్లకు పైగా సరిగా వినలేదు. చివరికి విన్నారు. 1999 అక్టోబరు 31న, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం నీతిమత్వ సిద్ధాంతం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాక, కృప వల్ల మాత్రమే, క్రీస్తు రక్షణ కార్యంలో విశ్వాసం ద్వారా దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, మన హృదయాలను నూతనపరచి సత్క్రియలకు పిలిచే పరిశుద్ధాత్మను మనం పొందుతామనీ ఇరువురూ కలిసి ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు, 2016లో ఆంగ్లికన్లు, 2017లో సంస్కరణ సంప్రదాయ సంఘాల ప్రపంచ సహవాసం దానితో ఏకీభవించారు. దానితో అన్నీ సర్దుకున్నాయని నేను చెప్పను. పుణ్యఫలం, మరణం తర్వాత ఆత్మలు శుద్ధి పొందుతాయనే ప్రక్షాళన స్థలం, పాపపరిహార పత్రాలు, పోపు అధికారం వంటివి అలాగే ఉన్నాయి. ఆ ప్రకటనను ఒప్పుకోని లూథరన్ సంఘాలూ ఉన్నాయి, వారి అభ్యంతరాలు తేలికైనవి కావు. కానీ ఎక్కడైతే చీలిక మొదలైందో అక్కడే ఇంత ఉమ్మడి నేల బయటపడటం నాకు చిన్న విషయంగా తోచదు.

విశ్వాసం, క్రియల గురించి మరీ విస్తరించను. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో మూడు వచనాలు వరుసగా చదివితే చాలు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." ఇది ఎనిమిదో వచనం. క్రియల వల్ల కాదు, ఎవరూ అతిశయపడకూడదు అన్నది తొమ్మిదో వచనం. మనం సత్క్రియలు చేయడానికే క్రీస్తుయేసులో సృష్టించబడ్డామన్నది పదో వచనం. మనలో కొందరు తొమ్మిది దగ్గరే పుస్తకం మూసేస్తారు, కొందరు పదితోనే మొదలుపెడతారు. దయ్యాలు కూడా నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి అని యాకోబు హెచ్చరించాడు. వాటికి లేనిది సమాచారం కాదు. వాటికి లేనిది లోబడే మనసు, ప్రేమ. ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే లెక్కలోకి వస్తుందని గలతీ పత్రికలో పౌలే అంటాడు. పౌలు, యాకోబు ఒకరినొకరు కాదనుకోలేదు.

నిజంగా ఉన్న భేదాలను దాచిపెట్టడం ప్రేమ అనిపించుకోదు. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వవచ్చా, నమ్మి ఒప్పుకున్నవారికే ఇవ్వాలా? బాప్తిస్మంలో కృప నిజంగా అనుగ్రహించబడుతుందా, లేక అప్పటికే కలిగినదానికి అది సాక్ష్యమా? రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకోగలడా? రక్షణ కోసం దేవుడు మనల్ని ఎన్నుకోవడం ముందా, మనిషి నిర్ణయం ముందా? ఇవి చిన్న ప్రశ్నలని నేను అనను. వీటి కోసం మనుషులు ఇళ్లూ ఊళ్లూ వదిలారు. అయినా ఇవన్నీ ఏ చోట ఉన్న ప్రశ్నలు? క్రీస్తు ఇచ్చిన రక్షణ మనకు ఎలా చేరుతుంది, మనలో ఎలా నిలుస్తుంది అన్నచోట. రక్షించేవాడు ఎవరన్నచోట వీరిలో ఎవరికీ సందేహం లేదు.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ, జార్జ్ వైట్‌ఫీల్డ్ దీనికి సాక్షులు. ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి ప్రార్థన చేసిన స్నేహితులు, ఆరుబయట వేలమందికి సువార్త చెప్పినవారు. ఎవరు రక్షణ పొందుతారో దేవుడే ముందుగా ఎన్నుకున్నాడన్న బోధ విషయంలో వారి మధ్య పెద్ద విభేదం వచ్చింది. వెస్లీ దానికి వ్యతిరేకంగా ప్రసంగించి అచ్చు వేయించాడు, వైట్‌ఫీల్డ్ జవాబు అచ్చు వేయించాడు. వారి మెథడిస్టు ఉద్యమం రెండుగా చీలింది. ఇద్దరిలో ఎవరూ తన అభిప్రాయం మార్చుకోలేదు. తర్వాత స్నేహం తిరిగి చిగురించింది. 1770లో వైట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోయినప్పుడు, ఆయన ముందుగా కోరుకున్న ప్రకారం, లండనులో స్మారక ప్రసంగం చేసినది వెస్లీయే. ఆ ప్రసంగంలో తన స్నేహితుడు ప్రకటించిన మూల సత్యాలుగా ఆయన ఎత్తిచూపినవి రెండు: కొత్త జన్మ, విశ్వాసం వల్ల నీతిమంతులుగా తీర్చబడటం. ఎన్నిక గురించిన వాదాన్ని ఆ రోజు తేవలేదు. ఆ వాదం ముఖ్యం కాదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఏది పునాదో, ఏది దాని మీద కట్టినదో ఆయనకు తెలుసు.

మన సిద్ధాంతాలు వేరుగా ఉన్నా ప్రార్థనలో మనం ఒకే చోటికి చేరుకుంటాం. లూకా 18లో యేసు చెప్పిన ఉపమానంలో, పన్నులు వసూలు చేసే సుంకరి దూరంగా నిలబడి, కళ్లెత్తడానికి కూడా ధైర్యం చాలక, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు. తూర్పు సంఘాల సన్యాసులు శతాబ్దాలుగా ఊపిరితో పాటు పలికే యేసు ప్రార్థనలో ఈ మనవే ఉంది. కథోలిక పూజ ఆరంభంలో ప్రభువా కనికరించు అని పలుకుతారు. కూడిక చివర కన్నీళ్లతో ముందుకొచ్చి మోకరించే వ్యక్తి తన సొంత మాటల్లో అడిగేదీ ఇదే. దేవుని ఎదుట నిలబడి, నేను ఇంత చేశాను కాబట్టి నన్ను చేర్చుకోవడం నీకు బాధ్యత అని ప్రార్థించమని ఏ సంఘమూ నేర్పదు. ఆ ఉపమానంలో అలా ప్రార్థించినవాడు ఒకడున్నాడు, అతడు నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లలేదు.

సిలువ మీద యేసు పక్కన ఉన్న నేరస్థుణ్ణి చూడండి. "యేసూ, నీవు నీ రాజ్యములోనికి వచ్చునప్పుడు నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాడు. అతనికి బాప్తిస్మం లేదు, సంఘ సభ్యత్వం లేదు, ప్రభువు బల్లలో భాగం లేదు, సరిదిద్దుకోవడానికి మిగిలిన జీవితం లేదు. అవన్నీ అక్కరలేదని చెప్పడానికి అతణ్ణి ఉదాహరణగా వాడటం సరికాదు. చేతులు ఖాళీగా ఉన్నవారికి అవి దేవుడు ఇచ్చిన వరాలు. కానీ అతని చేతులు నిజంగానే ఖాళీ. అతనికి ఉన్నది పక్కనున్న ప్రభువు ఒక్కడే. అన్ని సంప్రదాయాల బోధకులూ చావుకు దగ్గరైన మనిషి పక్కన కూర్చున్నప్పుడు ఈ వాక్యభాగాన్నే తెరుస్తారు.

ఇప్పటివరకు క్షమాపణ గురించే ఎక్కువగా మాట్లాడాను. రక్షణ అక్కడితో ఆగదు. కొత్త నిబంధన రక్షణను మూడు కాలాల్లోనూ చెబుతుంది. రక్షింపబడ్డాం అని ఎఫెసీ పత్రిక, రక్షింపబడుతున్న మనకు సిలువ వార్త దేవుని శక్తి అని కొరింథీ పత్రిక, ఆయన జీవం వల్ల రక్షింపబడతాం అని రోమా పత్రిక. ప్రొటెస్టెంట్లు మొదటి కాలాన్ని ఎక్కువగా నొక్కి చెబుతారు. కథోలికులు, మెథడిస్టులు రెండోదాన్ని, పరిశుద్ధతలో ఎదగడాన్ని, శ్రద్ధగా బోధించారు. ఆర్థోడాక్సులు మనం దైవ స్వభావంలో పాలివారం అవుతామన్న పేతురు రెండో పత్రికలోని మాటను ముందుపెట్టి, దేవునితో ఏకమయ్యే జీవితంగా రక్షణను చూస్తారు. ఒకరి దగ్గర ఉన్నది మరొకరు నేర్చుకోవలసినంత ఉంది. మూడో కాలాన్ని మాత్రం మనమందరం కొంత మరచిపోయాం. ఆత్మ పరలోకానికి వెళ్తే రక్షణ పూర్తయిందనుకుంటాం. పౌలు అలా అనుకోలేదు. శరీరం లేపబడాలి. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో సృష్టి అంతా మూలుగుతూ దేవుని పిల్లల విడుదల కోసం ఎదురుచూస్తుంది. దేవుడు చేసినదాన్ని పారేసి మనల్ని ఎక్కడికో తరలించడు. చేసినదాన్నే నూతనపరుస్తాడు.

ఈ ఉమ్మడి విశ్వాసానికి మన కాలపు సాక్ష్యం ఒకటి చెబుతాను. 2015 ఫిబ్రవరిలో లిబియా సముద్రతీరంలో తీవ్రవాదులు 21 మంది క్రైస్తవులను చంపారు. వారిలో 20 మంది ఈజిప్టుకు చెందిన కోప్టు సంఘస్థులు, ఒకరు ఘానా దేశస్థుడు. పొట్టకూటి కోసం వలస వచ్చిన కూలీలు. చివరి ఘడియలో వారు యేసు నామాన్ని పిలిచారు. కోప్టు సంఘం, రోము సంఘం 451 నాటి కల్కెదోను సభ తర్వాత విడిపోయాయి. 1973లో పోపు ఆరవ పౌలు, కోప్టుల పోపు మూడవ షెనూదా క్రీస్తు పరిపూర్ణ దేవుడు, పరిపూర్ణ మానవుడు అని కలిసి ప్రకటించారు గానీ సంఘాలు ఇంకా ఏకం కాలేదు. అయినా 2023లో పోపు ఫ్రాన్సిస్ ఆ 21 మందినీ రోము సంఘపు హతసాక్షుల పట్టికలో చేర్చాడు. తన సంఘానికి చెందనివారిని తన హతసాక్షులుగా గౌరవించాడు. వారిని చంపినవారు కూడా వారిని సిలువవారని చంపారు.

చివరిగా, ఇలాంటి కూడికల తర్వాత నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. నేను రక్షణ పొందానని ఎలా తెలుసుకోవాలి? ఇక్కడా సంప్రదాయాలు ఒకే మాట చెప్పవు. ప్రత్యేకమైన దైవ ప్రత్యక్షత లేకుండా, చివరివరకు నిలుస్తానని ఎవరూ సంపూర్ణ నిశ్చయంతో చెప్పకూడదని ట్రెంట్ సభ హెచ్చరించింది. గర్వం పట్టుకుంటుందని దాని భయం. విశ్వాసికి నిశ్చయత ఉండాలని సంస్కర్తలు అన్నారు. నిరాశ పట్టుకుంటుందని వారి భయం. 1738 మే 24న వెస్లీ, తన హృదయం వింతగా వెచ్చబడిందనీ, తన పాపాలను క్రీస్తు తీసివేశాడన్న నిశ్చయత కలిగిందనీ దినచర్యలో రాసుకున్నాడు. అందరికీ అలాంటి తేదీ ఉండదు. తల్లి ఒడిలో ప్రార్థన నేర్చుకుని, ప్రభువును ఎరగని రోజు గుర్తు లేనివారు సంఘంలో కోకొల్లలు. వారు బెంగ పడనక్కరలేదు.

గర్వానికి భయపడినవారూ, నిరాశకు భయపడినవారూ మనిషిని పంపిన చోటు ఒకటే. నీ లోపల వెదకవద్దు, క్రీస్తును చూడు అన్నారు. నా విశ్వాసం ఎంత బలంగా ఉందో కొలుచుకుంటే ఒక రోజు కొండంత, మరో రోజు ఇసుక రేణువంత కనిపిస్తుంది. యోహాను మొదటి పత్రిక, దేవుని కుమారుని నామంలో నమ్మినవారు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలని రాసింది. తెలుసుకోవడానికి అది చూపించే గుర్తులు మన భావావేశాలు కావు. కుమారుణ్ణి ఒప్పుకుంటున్నావా? సోదరుణ్ణి ప్రేమిస్తున్నావా? పాపం చేసినప్పుడు దాచకుండా ఒప్పుకుంటున్నావా? ఒప్పుకున్నవాడికి, నీతిమంతుడైన యేసుక్రీస్తు తండ్రి దగ్గర ఉత్తరవాదిగా, అంటే మన పక్షాన మాట్లాడేవాడిగా ఉన్నాడని ఆ పత్రికే చెబుతోంది. సందేహంతో వచ్చినవారు ఎవరైనా ఉంటే, ఇంటికి వెళ్లి ఆ అయిదు అధ్యాయాలూ ఒకే కూర్చోవడంలో చదవండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. బాప్తిస్మం గురించి అడగాలనుకునేవారు చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు, ముందు వాటినే తీసుకుందాం.